దొడ్డమ్మకు వేసిన మార్కులు

బడికి పోయినవారమెల్లరము మార్కులకు వెఱచినవారమే. తరువాత పిల్లల మార్కులకై బెంగపెట్టుకొన్నవారమును మనమే. అయితే 81 ఏండ్ల వయస్సున ఒక స్త్రీకి మార్కులు వేయుదురనియు, ఆమె పడక యెచ్చటనో, ఆమె నోటికి ముద్ద యెవరి చేతితో పోవలెనో ఆ మార్కులే నిర్ణయించుననియు నాకు క్రిందటి కార్తికము వఱకు తెలియదు. తెలిసిన నాడు నేనే దగ్గర నిలువబడి మా దొడ్డమ్మకు నూటికి 40 మార్కులు వేయించితిని. ఆ 40 ఎట్లు వచ్చెనో, దానివలన నేమి జరిగెనో యీ నాలుగు మాటలలో చెప్పుకొనవలెనని నా కోరిక.

మా దొడ్డమ్మ మా యమ్మకు అక్కగారు. సంతానము లేదు. పెదనాన్నగారు గతించిన పిమ్మట ఇన్నీసుపేటలో రెండు గదుల పెంకుటింట ఒంటరిగనే యుండెను. తన వంట తానే. తన బట్టలు తానే. కార్తికమున కోటిలింగాల రేవునకు తెల్లవాఱకమునుపే పోవుట యే సంవత్సరమును మానలేదు. క్రిందటి కార్తికమున మాత్రము రేవున కాదు, తన పెరటిలో తులసికోటయొద్దనే కాలు జాఱి పడెను. కుడి మణికట్టు విఱిగెను. దానికి తోడు జ్వరము. 9 దినములు ఆసుపత్రి. మా కాపురము మూడవ యంతస్తున, లిఫ్టు లేదు. ఉదయము 8 గంటలు దాటిన యింట మనిషి యుండడు. “మీ మెట్లు నేనెక్కలేనే అమ్మాయీ. ఎక్కడైనా నలుగురున్న చోట చేర్పించు” అని దొడ్డమ్మయే అనెను. వృద్ధాశ్రమమున చేర్చితినని బంధువులలో నన్ను నిందించినవారు కలరు. వారిలో ఒక్కరును ఆసుపత్రికి వచ్చి ఒక్క రాత్రి కూర్చున్నవారు లేరు గనుక ఆ ప్రస్తావన విడిచెదను.

నీడలేని స్త్రీకి ఆశ్రయ మిచ్చుట మన రాజమహేంద్రవరమునకు క్రొత్త కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన ఈ యూరనే వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ దినములలో వంటవారును నీళ్ళవారును విడిచిపోగా రాజ్యలక్ష్మమ్మగారు ఆ పనులన్నియు తామే చేసికొని, వచ్చిన ఆడుపిల్లలను కడుపులో పెట్టుకొనిరి. అప్పుడడుగవలసిన ప్రశ్న ‘నీకెవరున్నారు?’ అనునదే. ఇప్పటి ఆశ్రమ ద్వారమున మొదటి ప్రశ్న వేఱు: ‘నీవేమి చేసికొనగలవు?’

మేము పోయిన ఆశ్రమము ఊరికి కొంచెము ఎడముగా తోటల నడుమ నున్నది. పేరు చెప్పను, అచ్చటివారు చెడ్డవారు కారు, నేను చెప్పబోవు దోషములో పెద్దపాలు నాదే. ముందు వరుస గదులు లేచి తిరుగువారికి. వాని ముందర వసారా, వసారాకు ఎదురుగ తులసికోట. వెనుక వరుస మంచము పట్టినవారికి. నెలసొమ్ము కూడ రెంటికి రెండు విధములు. ఏ వరుసయో తేల్చుటకు ఒక కాగితము కలదు. గుమస్తా పిల్లవాడు కలము పట్టుకొని అడుగుచుండెను. ఆటోవాడు బయట హారను మ్రోగించుచుండెను. దొడ్డమ్మ ప్రయాణపు బడలికచే కన్నులు మూసికొని చక్రాల కుర్చీలో నుండెను. ఆమె కళ్ళజోడు ఇంటి గూటిలో మఱచి వచ్చితిమి.

“మామ్మగారు అన్నం తనే తింటారాండీ?” కుడిచేయి సిమెంటు కట్టులో నున్నది, 9 దినములుగా నేనే తినిపించితిని. “నేను పెడుతున్నానండీ.” “స్నానం?” “అమ్మో, జాఱి పడుతుంది.” “నడుస్తారా?” “ఇప్పుడు నడిపించకండి బాబూ.” “మెట్లు?” “వద్దు వద్దు.” ఒక్కొక్క ‘వద్దు’ నా నోట ప్రేమచేతనే వచ్చినది. దొడ్డమ్మ నడుగవలెనని నాకును తోచలేదు, ఆ పిల్లవానికిని తోచలేదు. కూడిక వేసి 40 అనెను. వెనుక వరుస.

ఇంకొక కాగితము మనస్సును పరీక్షించునది. ఈ రోజు తేదీ యేమి? ఏ నెల? ఇది యే యూరు? దొడ్డమ్మ కన్ను విప్పి, “తారీఖులు నాకెందుకు నాయనా? రేపు ఏకాదశి. నాకు అన్నం పెట్టకండి” అనెను. పిల్లవాడు తేదీయొద్ద సున్న చుట్టెను. ఆ రాత్రి యింటికి వచ్చి గోడమీది క్యాలెండరు చూచితిని. మఱునాడు ఏకాదశియే. 9 దినములు ఆసుపత్రి మంచముమీద, కిటికీలేని గదిలో, జ్వరముతో పడియుండియు తిథులు లెక్క తప్పని మనిషికి సున్న! చూచి నవ్వుకొని పరుంటిని. మఱునాడు పోయి ఆ సున్నను కొట్టివేయింపలేదు. ఆ సంగతి తలచుకొన్నప్పుడెల్ల నాకు సిగ్గగును.

ఈ కాగితములు ఎవరు పుట్టించిరో తరువాత విచారించి తెలిసికొంటిని. మొదటిది అమెరికాలో మేరీల్యాండు రాష్ట్రమున 1965లో ప్రకటింపబడినది. ఫ్లారెన్సు మహోనీ అను వైద్యురాలును, డొరోతీయా బార్తెల్ అను ఫిజియోథెరపిస్టును దీనిని కూర్చిరి. ఇద్దఱును స్త్రీలే. పది విషయములు, మొత్తము 100 మార్కులు. అన్నిటికి సమానముగ లేవు: మంచము దిగి కుర్చీలోనికి మారుటకు 15, నడకకు 15, భోజనమునకు 10, మెట్లకు 10, స్నానమునకు 5 మాత్రమే. నూటికి నూఱు వచ్చినంతమాత్రమున మనిషి ఒంటరిగా కాపురముండగలదని తలపరాదని వారే హెచ్చరించిరి. ఆమెకు వంట చేసికొనుట, ఇల్లు దిద్దుకొనుట రాకపోవచ్చును. మనస్సు పరీక్ష 1975 నాటిది. ఫోల్‌స్టీన్ దంపతులును మఱియొక వైద్యుడును చేసిరి. 30 మార్కులలో 10 తేదీ, స్థలములకే. అది చదువు నేర్చి, గడియారమును క్యాలెండరును చూచుచు బ్రతికినవారికి చేసిన పరీక్ష. మన దేశమున దానిని చదువురాని వృద్ధులకు తగునట్లు హర్యానా పల్లెలలో మార్చి 1995లో ప్రకటించిరి. 1999లో అచ్చటివారే, వృద్ధురాలు పండుగలు జ్ఞప్తి యుంచుకొనుచున్నదా మొదలగు సంగతులు ఇంటివారి నడిగి తెలిసికొను మఱొక పట్టికను గూడ చేసిరి. మా దొడ్డమ్మ పరీక్షకు ఆ పట్టిక వచ్చియుండిన తప్పకుండ నెగ్గియుండును.

ఇక వెనుక వరుస సంగతి. ప్రతి ఆదివారమును పోయెడిదానను. మంచముమీద తెల్లని దుప్పటి. దొడ్డమ్మకు తలదువ్వి, పౌడరు వ్రాసి, శుభ్రమైన బట్ట కట్టి కూర్చుండబెట్టెడివారు. మంచమునకు రెండువైపుల కమ్ములు. ‘ఎంత బాగా చూచుచున్నారు!’ అని సంతోషించి, ఆయా చేతిలో పదో పరకో పెట్టి వచ్చెడిదానను. ఆరు వారములకు చేతి కట్టు విప్పిరి. కట్టు విప్పినందున కాగితము మాఱవలెనని యెవరికిని తోచలేదు. రాత్రి వేయు డయపరు పగలును వేయసాగిరి. అన్నము చెంచాతో కలిపి పెట్టుచునే యుండిరి. దొడ్డమ్మ మాటలు తగ్గిపోయెను. వయస్సు గదా యని నేననుకొంటిని. ‘వయస్సు గదా’ అను మాట మన యిండ్లలో ఎన్ని పాపములను కప్పునో!

మాఘమాసములో ఒక ఆదివారము బజారు చేసికొని అట్లే ఆశ్రమమునకు పోయితిని. సంచిలో కిలో చిక్కుడు కాయలున్నవి. సంచి దొడ్డమ్మ మంచముమీద పెట్టి నెలసొమ్ము చెల్లించుటకు ఆఫీసునకు పోయితిని. రసీదు పుస్తకము కనబడక అరగంట ఆలస్యమయ్యెను. తిరిగి వచ్చి చూతును గదా, దొడ్డమ్మ ఒడిలో నా కాయలు! సగము కాయలకు రెండువైపుల ఈనెలు తీసి తుంపి తువాలుమీద పోసినది. పుచ్చినవి వేఱుగ కుప్ప వేసినది. లేతవి తుంపక పక్కకు పెట్టినది. కుడిచేయి కొంచెము బిగుసుకొని యున్నదిగాని పని ఆగుట లేదు.

“దొడ్డమ్మా, నీకు చేతులు వస్తున్నాయే!”

“చేతులెక్కడికి పోయాయే?”

“మరి అన్నం వాళ్ళు పెడుతున్నారుగా?”

“పెడుతుంటే వద్దంటే వాళ్ళకి ఆలస్యమౌతుందిటే. పాపం, ఆ పిల్ల పన్నెండుమందికి పెట్టుకోవాలి.”

నేనాశ్రమము కాగితము తెప్పించుకొని మంచముపై కూర్చుండి చదివితిని. భోజనము: సహాయము కావలెను. వ్రాయించినది నేనే. ఎదుట ఒడినిండ చిక్కుడు కాయలు.

ఆ బుధవారమే ఆశ్రమమునకు వారమునకొకసారి వచ్చు ఫిజియోథెరపిస్టు అమ్మాయిని కలిసికొంటిని. సెలవు పెట్టి పోయితిని. ఆమెకు పాతికేండ్లుండును. కాగితము చూచుటతోనే ఆమె కనుబొమలు ముడివడినవి. ఇది తలక్రిందుగ నున్నదనెను. ఎట్లని అడిగితిని. 1963లో అమెరికాలో క్లీవ్‌లాండు నగరపు వైద్యుడు సిడ్నీ కాట్జ్ తన తోడివారితో గూడి తుంటియెముక విఱిగిన వృద్ధులను చూచుచు ఒక వింత కనుగొనెనట. వారు కోలుకొనునప్పుడు శక్తులు ఇష్టము వచ్చినట్లు తిరిగిరావు. ముందుగ భోజనము, మలమూత్రముల నాపుకొనుట. పిమ్మట మంచము దిగుట, మరుగుదొడ్డికి పోవుట. చిట్టచివర బట్ట కట్టుట, స్నానము. శిశువు నేర్చుకొను వరుసవంటిదే యిది. పిల్లలను పెంచిన మనకు ఆశ్చర్యము లేదు: పిల్ల తన ముద్ద తాను తినుట ముందు, తన వీపు తాను రుద్దుకొనుట ఎంతో తరువాత. పోవునప్పుడు స్నానము ముందు పోవును, భోజనము కడపట పోవును. “మామ్మగారికి మల విసర్జన మీద పట్టు ఉందని రాశారు, భోజనం మాత్రం రాదని రాశారు. చేతికి కట్టు ఉన్నన్నాళ్ళు సరే. కట్టు తీసి నెల దాటింది కదండీ. ఇక అలా ఉండకూడదు” అని ఆ యమ్మాయి యనెను.

పిదప ఆమె చెప్పిన మాటయే నేనీ వ్యాసము వ్రాయుటకు కారణము. ఆ నూఱు మార్కుల కాగితము నింపువారికి తరువాతి పెద్దలొక సూత్రము పెట్టిరట: మనిషి యేమి చేయగలదో కాదు, ఏమి చేయుచున్నదో వ్రాయవలెను. ఇది మంచి సూత్రమే. ‘ఆ, ఆవిడ అన్నీ చేయగలదు’ అని కోడలు నోటిమాటతో తేల్చి అత్తగారికి సహాయము మానివేయకుండ ఇది కాపాడును. కాని మంచమునకు కమ్ములు కట్టినచోట ‘నడచుచున్నదా?’ అని అడిగిన ‘లేదు’ అనియే జవాబు వచ్చును. చెంచా ఇంకొకరి చేతిలో నున్నచోట ‘తినుచున్నదా?’ అని అడిగినను అంతే. చేయనీయము, చేయుటలేదని వ్రాసికొందుము, వ్రాసికొన్నందువలన చేయనీయము. ఇట్లు రెండు నెలలు తిరిగినచో నిజముగనే చేయలేని స్థితి వచ్చును. 2007లో అమెరికాలో ఒక పరీక్ష జరిగినది. ఆరోగ్యముగనున్న పెద్దవయస్సువారు 12 మంది, సగటు 67 ఏండ్లు, కేవలము 10 దినములు మంచముమీద నుండిరి. కాళ్ళ కండలో దాదాపు ఒక కిలో తఱిగిపోయెను. మా దొడ్డమ్మ కమ్ముల నడుమ నున్నది 10 దినములు కాదు.

ఆ యమ్మాయి పరీక్ష చేసిన విధము చూచి నేర్చుకొన్నది చాల కలదు. ఇంటినుండి కళ్ళజోడు తెప్పించినదాక మొదలుపెట్టలేదు. ఎడమచెవి బాగుగ వినబడునని తెలిసికొని ఆ వైపు కూర్చుండెను. “చేయగలరా మామ్మగారూ?” అని ఒక్కసారియు అడుగలేదు. “ఏదీ, చూపించండి” అనెను. ఉదయమొకసారి, భోజనానంతర మొకసారి, మఱుసటి వారము సాయంకాలమొకసారి చూచెను. ఉదయము లేచినంత చుఱుకుగ సాయంకాలము లేవదు గదా మనిషి. మా దొడ్డమ్మ నున్నని పలకలమీద చెప్పులతో అడుగు వేయనన్నది; చెప్పులు తీయించగా నడచినది. కుర్చీనుండి లేచి, 3 మీటర్లు పోయి, తిరిగివచ్చి కూర్చుండు పరీక్ష యొకటి 1991 నుండి వాడుకలో నున్నది. ఆమెకు 38 సెకండ్లు పట్టెను. అది చాల నెమ్మది. కాని నాలుగు నెలల ముందు రేవు మెట్లు దిగిన కాళ్ళు, అప్పుడు నా మాటవలన నిలిచిపోయినవి.

మరుగుదొడ్డి సంగతి చెప్పుటకు సంకోచముగనున్నను చెప్పక తప్పదు. పాశ్చాత్య పద్ధతి కమోడు ఎత్తుగనున్నది. దొడ్డమ్మ పొట్టి మనిషి. కూర్చుండిన కాళ్ళు నేల కందవు. కాళ్ళు గాలిలో వ్రేలాడ పడిపోదునేమో యని భయము, భయముచేత ‘నాకు రాదు’ అని చెప్పినది, చెప్పినందున డయపరు. క్రింద ఒక పీట వేయగా కాళ్ళు ఆనినవి, భయము పోయినది, పగటి డయపరు పోయినది. రెండు నెలల అవమానమునకు మందు ఒక కఱ్ఱపీట! ఈ పీట యే దేశపు కాగితములోను లేదు. నేలమీద కూర్చుండి లేచుట గూడ లేదు. మన స్త్రీలు జన్మమంతయు చేసిన పని అది. భోజనపు ప్రశ్నయో, కత్తితో కోసి వెన్న పూసికొనుటను గూర్చినది. పప్పన్నము నేయి వేసి కలుపుకొని, చారు పోసికొన్నప్పుడు కంచము వంచక ముద్ద చేసికొనుట దానికంటె కష్టమైన విద్య. అంచులేని పళ్ళెమునుండి చారన్నము నాకు కూడ రాదు. ఆశ్రమపు పళ్ళెములకు అంచులేదు. దొడ్డమ్మ కంచము ఇంటినుండి తెచ్చితిని.

ఇంతవఱకు చెప్పినది విని, ఆయాలు క్రూరులని తలపకుడు. చిక్కు వేఱుచోట నున్నది. దొడ్డమ్మ తన చేతితో తినుటకు 40 నిమిషములు పట్టెను. ఆయా పెట్టిన 7 నిమిషములు. ఆ ఆయాకు 12 మంది. వారందఱును తమ చేతులతో తినిన ఆమె యెవరియొద్ద కూర్చుండవలెను? ఎవరికి పొలమాఱిన చూడవలెను? త్వరగా పెట్టి ముగించుటయే ఆమెకు తెలిసిన దయ. చేయించుటకంటె చేసిపెట్టుట సులభము. ఇంట పిల్లలకు చెప్పులు తొడుగునప్పుడు మనము చేయుచున్నదియు నదే. చివరకు కుదిరిన యేర్పాటిది: దొడ్డమ్మ కంచము అందఱికంటె అరగంట ముందుగ పెట్టుదురు. ఆమె తినుచుండగా ఆయా తక్కినవారి పని చూచుకొనును. దీనికి అదనపు మనిషి అక్కఱలేకపోయెను. వంటశాలవారు ఒక గిన్నె ముందు దింపిరి.

నడక విషయమున మాత్రము గొడవ జరిగెను. ముందు వరుసకు మార్చవలెనన్న “పడిన మాకు పూచీ లేదు” అను కాగితముపై సంతకము చేయవలెనట. మా తమ్ముడు ఫోనులో కేకలు వేసెను. “మంచం మీద భద్రంగా ఉన్నావిణ్ణి దింపి మళ్ళీ ఎముక విరగ్గొడతావా? పూచీ ఎవరిది?” నాకు చేతులాడలేదు. అతడన్నది అబద్ధము కాదు. ఈ వయస్సున తుంటి విఱిగిన మంచము దిగనివారు కలరు, ప్రాణము పోయినవారు కలరు. సంతకము చేసి ఆమెను పడవేసితినన్న మాట నేను జీవితాంతము మోయవలెను. ఫోను స్పీకరులో నుండుటచే దొడ్డమ్మ అంతయు విన్నది. “ఒరే నాన్నా, పడితే పడేది నేను కదరా. పూచీ మీరెందుకు పంచుకుంటారు?” అనెను. మా తమ్ముడు కొంతసేపు పలుకలేదు. సంతకము నేనే పెట్టితిని, అయితే దొడ్డమ్మ చేత గూడ పెట్టించితిని. చేరిన నాడు ఆమె సంతకము ఏ కాగితముమీదను లేదు.

పడినదా? పడినది. ఫాల్గుణములో వసారాలో వాకరు చక్రము తువాలుకు చిక్కుకొని మోకాలిమీద పడెను. నీలము కట్టెను, ఎముకకు దెబ్బ లేదు. ఆ మూడు రాత్రులు నాకు నిద్రలేదు. మా తమ్ముడు ఏమియు అనలేదు, అనిన బాగుండెడిదనిపించెను. నాలుగవ నాడు దొడ్డమ్మ వాకరుకు తువాలు వ్రేలాడవేయుట మాని తానే లేచెను.

ఈ మధ్య చదివిన ఒక సంగతి యిచ్చట చెప్పవలెను. లండను దగ్గర ఐల్‌వర్తులో 1935లో మార్జొరీ వారెన్ అను వైద్యురాలికి, నిరుపేదల ఆశ్రమపు ఆసుపత్రిలో ఏండ్ల తరబడి మంచముమీద నున్న 700 మందికి పైగా రోగుల భారము వచ్చెను. అంతవఱకు వారినెవరును ఒక్కొక్కరినిగ పరీక్షింపలేదు. అందఱును ‘తీరని రోగులే’. ఆమె ఒక్కొక్క మంచమువద్దకు పోయి, ఏమి జబ్బు, ఎంత శక్తి మిగిలినదని విడివిడిగ చూచి, లేవగలవారిని లేపించి, నడవగలవారిని నడిపించెను. అనేకులు మంచము దిగిరి. కొందఱు ఇండ్లకు పోయిరి. వృద్ధుల వైద్యమునకు ఆమెను తల్లివంటిదందురు. కొలుచుటయే తప్పని నేనను మాట కాదు. కొలువక విడిచినవారే ఆ 700 మంది. ఒక్కసారి కొలిచి కాగితము బీరువాలో పెట్టినది మా దొడ్డమ్మ విషయము.

నవ్వు వచ్చు సంగతి యొకటి. ఇంటిపనుల నెంతవఱకు చేయగలరో కొలుచు పట్టిక ఫిలడెల్ఫియా నగరమున లాటన్, ఎలేన్ బ్రోడీ అనువారు 1969లో చేసిరి. ఫోను, బజారు, వంట, ఇల్లు సర్దుట, బట్టలుతుకుట, ప్రయాణము, మందులు, డబ్బు: ఎనిమిది విషయములు. స్త్రీలకు ఎనిమిదింటికి మార్కులు. పురుషులకు వంట, ఇల్లు, బట్టలు మూడును విడిచి అయిదింటికే మార్కులు! పని రాకపోయినను మగవానికి మార్కు తగ్గదన్నమాట. మా వారికి చెప్పితిని. “పద్ధతిగానే ఉంది” అనిరి. తరువాత కాలమున ఇరువురకును అన్నియు అడుగవలెననుచున్నారు.

అక్కలారా, మీ యిండ్లనుండి ఎవరైన ఆశ్రమమునకో, ఆసుపత్రినుండి ఇంటికో చేరునప్పుడు ఇట్టి కాగితము మీ చేతికి వచ్చును. ఆటో నిలిపి నింపవద్దు. పెద్దామె మాట్లాడకమునుపే మీరు జవాబు చెప్పవద్దు. ఆమెకు నాలుక తిరుగుటకు కొంత కాలము పట్టును, ఆ కాలము నియ్యుడు. కళ్ళజోడు, చెవి యంత్రము, పళ్ళ సెట్టు తోడుకొనిపొండు. పడుటకు పూర్వము ఏమి చేసికొనుచుండెనో విడిగ ఒక ముక్క వ్రాసియిండు. లేనిచో జ్వరములో వచ్చిన మనిషినే వారు అసలు మనిషి యనుకొందురు. కట్టువలన, జ్వరమువలన చేయలేనిదానిని ‘ఇప్పటికి’ అని వ్రాయించి, మరల ఎప్పుడు చూచెదరో తేదీ వేయించుడు. నేనిది యేదియు చేయలేదు గనుకనే చెప్పుచున్నాను.

దొడ్డమ్మ యిప్పుడు ముందు వరుసలో నున్నది. మార్కులు 75. రాత్రి డయపరు పోలేదు. స్నానమునకు మనిషి కావలెను. వీపు అందదు, చెంబెత్తిన కుడిచేయి వణకును. చేయి కూడ మునుపటివలె రాదని వైద్యులు చెప్పిరి. ఆ రెండు నెలలలో తఱిగిన కాలిసత్తువ తిరిగి కొంత వచ్చినదేగాని అంతయు రాలేదు. కార్తికములో రేవునకు తీసికొనిపొమ్మని యడుగుచున్నది. మెట్లు దింపలేము, గట్టుమీద కుర్చీ వేసి చెంబుతో నీళ్ళు తెచ్చి పోయుదునంటిని. “అది స్నానమా?” అనెను. ఇంకను ఒప్పుకొనలేదు.

మెట్లయొద్ద కాగితములో సున్నయే. పోయిన బుధవారము ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి, “మామ్మగారూ, మెట్లు కూడా నేర్చుకుంటే పది మార్కులు కలుస్తాయి” అనెను. ఆశ్రమము ఒక్క యంతస్తే. వసారాకు మూడు మెట్లున్నవి, వాని పక్కనే చక్రాల కుర్చీ దిగు వాలు కూడ నున్నది. దొడ్డమ్మ చిక్కుడు కాయలు కాదు, ఈసారి గోరుచిక్కుళ్ళు తుంపుచుండెను. తల యెత్తక, “మెట్లెక్కి నేనెవరింటికి పోవాలమ్మా? ఆ మా అమ్మాయి మూడో అంతస్తులో ఉంటుంది. అదే దిగి వస్తోందిగా” అనెను.